జేబు నుంచి చేతిసంచికి: డిజైనర్ హ్యాండ్‌బ్యాగు ఆకర్షణ, నిత్యోపయోగం - చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

వస్తుసంస్కృతి అధ్యయనాల్లో వస్త్రానికి, ఆభరణానికి దక్కిన స్థానం సంచికి చాలాకాలం దక్కలేదు. నేతను గురించి, నగల పనితనాన్ని గురించి గ్రంథాలు వెలువడ్డాయి గాని, ఆ బట్ట కట్టి ఆ నగ పెట్టుకున్న మనిషి తన డబ్బును, తాళంచెవిని, ఉత్తరాన్ని ఎక్కడ దాచుకున్నదనే ప్రశ్న పరిశోధకులకు ఆలస్యంగా తట్టింది. ఇటీవలి దశాబ్దాల్లో ఐరోపాలో ఈ లోటు కొంత తీరింది. 1996లో నెదర్లాండ్స్‌లో సంచుల కోసమే ఒక మ్యూజియం ఏర్పడి, తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌కు మారి, 2020 దాకా నడిచింది. ఆ ఏడాది డిసెంబరులోనే లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కేవలం సంచుల మీద ‘బ్యాగ్స్: ఇన్‌సైడ్ అవుట్’ అనే ప్రదర్శనను ప్రారంభించింది. సంచి లోపలిని బయటికి తెచ్చి చూడాలన్న సూచన ఆ పేరులోనే ఉంది.

డిజైనర్ హ్యాండ్‌బ్యాగు అంటే రూపకర్త పేరో, తయారీ సంస్థ పేరో ధరలో ప్రధానాంశమైన చేతిసంచి. దీని ఆకర్షణకు సాధారణంగా చెప్పే కారణం థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లో ‘ది థియరీ ఆఫ్ ది లీజర్ క్లాస్’ గ్రంథంలో ప్రతిపాదించిన ఆడంబర వినియోగ సిద్ధాంతం. ఖరీదైన వస్తువును వాడటం కన్నా, వాడుతున్నట్టు పదిమందికీ కనిపించడమే ముఖ్యమన్నది దాని సారం. ఆరేళ్ల తర్వాత, 1905లో, సిగ్మండ్ ఫ్రాయిడ్ ‘డోరా’ అనే మారుపేరుతో ప్రచురించిన రోగి చరిత్రలో, మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ యువతి తన నడుముకున్న చిన్న సంచిని తెరిచి మూయడాన్ని లైంగిక సంకేతంగా వ్యాఖ్యానించాడు. ఒకరు సంచిని హోదా చిహ్నంగా చూశారు, మరొకరు దేహ చిహ్నంగా చూశారు. ఆ సంచిలో ఏముంది, దానికి వేరే చోటు ఎందుకు లేకపోయింది అని ఇద్దరూ అడగలేదు. హ్యాండ్‌బ్యాగు చరిత్రకు ఆ ప్రశ్నే మొదలు. నేడు లక్షల రూపాయలు పలికే రూపాల్లో చాలావరకు మొదట ఏదో ఒక మోత సమస్యకు పరిష్కారాలుగా పుట్టినవే. ఆకర్షణ ఉపయోగానికి బయట నుంచి వచ్చి అతుక్కున్నది కాదు. ఉపయోగంలోంచే పెరిగి, కొన్ని దశల్లో దాన్నే మింగివేసింది.

కట్టుజేబు

17వ శతాబ్దంలో ఐరోపా పురుషుల కోట్లలోకి, లాగుల్లోకి కుట్టుజేబులు వచ్చి స్థిరపడ్డాయి. స్త్రీల దుస్తుల్లోకి అవి అదే విధంగా రాలేదు. బ్రిటన్‌లో స్త్రీలు నాడాతో నడుముకు కట్టుకునే విడి జేబులను వాడారు. బేరిపండు ఆకారంలో ఉండే ఈ కట్టుజేబులు ఒంటిగానో జతగానో పావడా కింద వేలాడేవి. పై గౌనుకు, పావడాకు పక్కల చీలికలు ఉంచి, వాటిలోంచి చెయ్యి లోపలికి పోనిచ్చి వస్తువులు తీసుకొనేవారు. లూసీ లాకెట్ అనే ఆమె జేబు పారేసుకున్నట్టు చెప్పే ఆంగ్ల బాలగేయం నేటి పిల్లలకు వింతగా తోచవచ్చు. కుట్టుజేబును ఎవరూ పారేసుకోలేరు; నాడా తెగిన కట్టుజేబు మాత్రం దారిలో పడిపోగలదు.

బార్బరా బర్మన్, అరియాన్ ఫెన్నెటో 2019లో వెలువరించిన ‘ది పాకెట్: ఎ హిడెన్ హిస్టరీ ఆఫ్ విమెన్స్ లైవ్స్’ గ్రంథం ఈ వస్తువును 1660 నుంచి 1900 వరకు అనుసరించింది. మిగిలివున్న జేబులతో పాటు లండన్‌లోని ఓల్డ్ బెయిలీ న్యాయస్థానపు దొంగతనం కేసులు కూడా ఈ రంగంలో ముఖ్యమైన ఆకరాలు. జేబు పోయిందని ఫిర్యాదు చేసిన స్త్రీ అందులో ఏమేమి ఉన్నాయో కోర్టుకు ఒక్కొక్కటిగా చెప్పవలసి వచ్చేది. నాణేలు, అంగుస్తానా, కత్తెర, తాళంచెవులు, ఉత్తరాలు, తాకట్టు చీటీలు, చేతిరుమాలు ఆ విధంగా రికార్డులకెక్కాయి. పనిమనిషికి యజమాని ఇంట్లో తన సొంతమని చెప్పుకోదగ్గ గది ఉండేది కాదు, తాళం వేసుకోదగ్గ పెట్టె కూడా అందరికీ దొరికేది కాదు. అలాంటి స్త్రీకి తనదైన స్థలం నడుముకు కట్టుకున్న ఆ గుడ్డసంచి ఒక్కటే.

తెలుగునాట రొంటిన దోపుకున్న చిన్నసంచి, కొంగున వేసిన ముడి ఇదే పని చేశాయి. అయితే ఇక్కడ ఆ చోటు చాలావరకు కట్టుకున్న బట్టలోంచే ఏర్పడింది. అక్కడ బట్టలో చోటు లేక, దాన్ని వేరుగా కుట్టి కట్టుకోవలసి వచ్చింది.

పై కేసుల్లో గమనించవలసిన మరొక అంశం ఉంది. వివాహిత ఆస్తి చట్టరీత్యా భర్తదే అన్న నియమం కారణంగా, ఆమె నడుము నుంచి దొంగిలించిన జేబును, అందులోని సొమ్మును అభియోగపత్రంలో భర్త ఆస్తిగా పేర్కొనేవారు. జేబు ఆమెది, కుట్టు ఆమెది, ఒక్కోసారి సంపాదన కూడా ఆమెదే; కాగితం మీద యజమాని మాత్రం భర్త. 1870 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం ఇంగ్లండులో భార్య సంపాదనను ఆమెదిగా గుర్తించింది. 1882 చట్టం ఆ హక్కును ఆమె ఆస్తులన్నింటికీ విస్తరింపజేసింది. అంతకు ముందు రెండు శతాబ్దాల పాటు చట్టం ఇవ్వని స్వాధీనాన్ని ఒక నాడా, ఒక గుడ్డముక్క ఆచరణలో ఇస్తూ వచ్చాయి. స్త్రీ సంచి లోపలికి అనుమతి లేకుండా తొంగిచూడరాదన్న మర్యాదకు చట్టం కన్నా ముందటి చరిత్ర ఉంది.

‘అనివార్యమైన’ రెటిక్యూల్

18వ శతాబ్దం చివరి దశాబ్దంలో ఫ్రాన్సులో, ఆ వెంటనే ఇంగ్లండులో స్త్రీల దుస్తుల రూపం మారింది. ప్రాచీన గ్రీకు, రోమన్ శిల్పాలను తలపించే సన్నని తెల్లని గౌన్లు వచ్చాయి. నడుము గీత రొమ్ముకిందికి జరిగింది, కుచ్చెళ్ల దొంతరలు పోయాయి. ఆ పలుచని బట్ట కింద నిండుజేబు వేలాడితే ఎత్తుగా కనిపిస్తుంది. అందువల్ల దాచుకున్న జేబు చేతికి వచ్చి రెటిక్యూల్ అయింది. పట్టుతోనో పూసలతోనో చేసి, మూతిని తాడుతో బిగించే చిన్నసంచి ఇది. దీని పేరును వ్యంగ్య రచయితలు హేళన అనే అర్థం వచ్చే ‘రిడిక్యూల్’గా మార్చి నవ్వుకున్నారు. ఇంగ్లండులో దానికే ‘ఇండిస్పెన్సబుల్’ అని, అంటే అది లేకపోతే గడవదని, మరో పేరు ఉండేది. ఒకే వస్తువుకు హేళన అని ఒక పేరు, అనివార్యమని మరొక పేరు! స్త్రీల చేతిసంచిని గురించిన మాటలు నేటికీ ఈ రెండు పేర్ల మధ్యనే తిరుగుతున్నాయి.

రెటిక్యూల్ రాగానే కట్టుజేబు అంతరించిందన్న వాదం పాత ఫ్యాషన్ చరిత్రల్లో కనిపిస్తుంది. బర్మన్, ఫెన్నెటోల పరిశోధన దీన్ని అంగీకరించదు. కట్టుజేబు 19వ శతాబ్దం పొడవునా వాడుకలోనే ఉంది. పని చేసుకునే స్త్రీకి చేతిలో సంచి పట్టుకొని తిరగడం సాధ్యం కాదు. రెటిక్యూల్ పట్టగలిగే చేయి తీరికగల చేయి. అందుచేత ఒకే కాలంలో రెండు రకాల మోత పక్కపక్కనే సాగింది: కనిపించనిది, ఎక్కువ పట్టేది ఒకటి, కనిపించేది, తక్కువ పట్టేది మరొకటి. కనిపించేదే చిత్రాల్లోకి, ఫ్యాషన్ పత్రికల్లోకి ఎక్కింది. చరిత్రకారులు ఆ చిత్రాలనే చూశారు గనుక రెండోదే మొదటిదాన్ని మింగేసిందనుకున్నారు. వెబ్లెన్ సిద్ధాంతానికి బలం కూడా ఈ చూపులోని పక్షపాతం నుంచే కొంత వచ్చిందని భావించవచ్చు.

రైలు, తోలు, తంగేడు

‘హ్యాండ్‌బ్యాగ్’ అనే ఆంగ్ల పదం మొదట స్త్రీలకు సంబంధించినది కాదు. రైలు ప్రయాణంలో చేత పట్టుకునే, పిడులున్న తోలుసంచికి ఆ పేరు. 1895 ఫిబ్రవరిలో లండన్‌లో తొలిసారి ప్రదర్శించిన ఆస్కార్ వైల్డ్ నాటకం ‘ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్’లో కథానాయకుడు పసికందుగా విక్టోరియా స్టేషన్ సామాను గదిలో ఒక హ్యాండ్‌బ్యాగులో దొరికినవాడు. నేటి పాఠకుడు ఆ పదానికి నేటి అర్థమే చెప్పుకుంటే ఆ దృశ్యం కుదరదు. బిడ్డ పట్టేంత ప్రయాణసంచి అది. స్త్రీలు ఒంటరిగా రైలెక్కి ఊళ్లు తిరగడం, బడుల్లోను కార్యాలయాల్లోను ఉద్యోగాలు చేయడం, పెద్ద దుకాణాల్లో తామే కొనుగోళ్లు చేయడం పెరిగేకొద్దీ ఈ ప్రయాణసంచి చిన్నదై వారి చేతికి చేరింది. పట్టు రెటిక్యూల్ ఆ పనికి చాలదు. గట్టి తోలు, లోహపు చట్రం, గట్టిగా మూసుకొనే మూత, లోపల అరలు కావాలి. ఆధునిక హ్యాండ్‌బ్యాగుకు రెటిక్యూల్ కన్నా ఈ ప్రయాణసంచే దగ్గరి బంధువు.

ఆ తోలు ఎక్కడిది అన్న ప్రశ్న వద్ద ఈ చరిత్రకు తెలుగు నేలతో నిజమైన సంబంధం కలుస్తుంది. 19వ శతాబ్దపు మధ్యభాగం నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ సగం పదును చేసిన తోళ్లను పెద్దయెత్తున ఇంగ్లండుకు ఎగుమతి చేసింది. లండన్ బజారులో వాటిని ఈస్టిండియా తోళ్లని పిలిచేవారు. వాటి పదునుకు ఆధారం తంగేడు చెట్టు బెరడు. కరక్కాయ దానికి తోడు. తంగేడు బెరడుతో పదునైన తోలు లేత రంగులో, మెత్తగా ఉండి, ఏ రంగు వేసినా చక్కగా పట్టేది. ఇక్కడి నుంచి వెళ్లిన గొర్రె, మేక తోళ్లకు అక్కడ రంగు, మెరుగు పెట్టి పుస్తకాల బైండింగుకు, బూట్ల లోపలి పొరలకు, పర్సులు, సంచుల వంటి సన్నపు తోలుసామానుకు వాడేవారు. ఈస్టిండియా ఆవుతోళ్లు మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైభాగాలకు అవసరమై ప్రభుత్వ నియంత్రణలోకి వెళ్లాయి. ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ 1904లో మద్రాసు ప్రెసిడెన్సీ తోళ్ల పరిశ్రమపై వెలువరించిన నివేదిక ఈ వృత్తి చరిత్రకు ముఖ్యమైన ఆకరం. క్రోమ్ లవణాలతో తోలును పదునుచేసే కొత్త పద్ధతిని మద్రాసులో ప్రయోగించి చూసినవాడు కూడా ఆయనే.

తెలుగు పల్లెల్లో తోలును లందలో నానవేసి, తంగేడు చెక్కతో పదును చేసినవారు మాదిగలు. కపిలబానకు, చెప్పుకు, డప్పుకు తోలు వారి చేతి నుంచే వచ్చింది. ఊరి వ్యవసాయం ఆ తోలు లేనిదే నడవలేదు. ఆ తోలును పదును చేసిన చేతిని మాత్రం ఊరు అంటరానిదన్నది. పచ్చితోళ్లు ఎగుమతి వ్యాపారుల చేతికి పోయేకొద్దీ పల్లె లంద తన ముడిసరుకును కోల్పోయింది. నేటి ఐరోపా సంస్థలు తమ సంచిని ఒకే కళాకారుడు ఆద్యంతం కుట్టాడని గర్వంగా చెప్పుకుంటాయి. తోలు విషయానికి వచ్చేసరికి అలాంటి గుర్తు ఎప్పుడూ లేదు. సంచికి కర్త ఉన్నాడు, తోలుకు లేడు. ఈస్టిండియా తోలుకు తమిళనాడు పేరిట భౌగోళిక గుర్తింపు వచ్చింది 21వ శతాబ్దంలోనే.

కార్ఖానా నుంచి వచ్చిన రూపాలు

ప్రఖ్యాత ఫ్రెంచి సంస్థల ఆరంభాలను చూస్తే, వాటిలో ఫ్యాషన్ కన్నా రవాణా చరిత్రే ఎక్కువ. థియెరీ హెర్మెస్ 1837లో పారిస్‌లో పెట్టింది గుర్రపు జీను సామాను తయారుచేసే కార్ఖానా. లూయీ విటాన్ 1854లో పెట్టింది ప్రయాణపు పెట్టెల దుకాణం. అంతవరకు పెట్టెల మూతలు వాననీరు జారిపోవడానికి వీలుగా గుండ్రంగా ఉండేవి. రైలు డబ్బాలో ఒకదానిమీద ఒకటి పేర్చడానికి అవి పనికిరావు. విటాన్ చదునైన మూత పెట్టి, నీరు దిగని కాన్వాసు గుడ్డ తొడిగాడు. అది విజయవంతం కాగానే అనుకరణలు బయలుదేరాయి. వాటిని అడ్డుకోవడానికి 1888లో గళ్ల నమూనా గుడ్డపై సంస్థ పేరును ముద్రించారు. 1896లో ఆయన కుమారుడు జార్జ్ విటాన్ ఎల్.వి. అక్షరాలు, పూలు కలిసిన మోనోగ్రామ్ గుడ్డను రూపొందించాడు. నకలును నివారించడానికి పుట్టిన గుర్తు ఈనాడు లోకంలో అతి ఎక్కువగా నకలు చేయబడే గుర్తుల్లో ఒకటి కావడం ఈ చరిత్రలోని వింతల్లో ఒకటి. అదే సంస్థ 1932లో తెచ్చిన ‘నోయే’ అనే సంచి మరీ సూటిగా ఒక మోత సమస్యకు జవాబు. ఒక షాంపేన్ ఉత్పత్తిదారు కోరికపై దాన్ని ఐదు సీసాలు పట్టేలా, నాలుగు నిలువుగా, మధ్యలోది తలకిందులుగా, లెక్కగట్టి కుట్టారు. తర్వాత అది స్త్రీల భుజసంచి అయింది.

హెర్మెస్ తొలిసంచి 19వ శతాబ్దం ముగిసే కాలానిది. రౌతు తన జీనును, బూట్లను వేసుకోవడానికి చేసిన ఎత్తైన తోలుసంచి అది. గుర్రం పోయి కారు వచ్చాక సంస్థ వారసుడు ఎమిల్-మోరిస్ హెర్మెస్ ముందున్న ప్రశ్న, జీనుపని తెలిసిన చేతులతో ఇక ఏం చేయించాలి అన్నది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఉత్తర అమెరికా వెళ్లినప్పుడు కారు పైకప్పు గుడ్డను మూయడానికి వాడిన జిప్పును ఆయన చూశాడు. ఫ్రాన్సులో దాని హక్కులు సంపాదించి, 1923లో కారు ప్రయాణానికి జిప్పుతో మూసే సంచిని తయారు చేయించాడు. 1930లలో రాబర్ట్ డ్యూమా రూపొందించిన, పట్టీలతో బిగించే సంచి ఆ వరుసలోనిదే. మొనాకో రాజును పెళ్లాడిన నటి గ్రేస్ కెల్లీ 1956లో తన గర్భాన్ని కెమెరాల కంట పడనీయకుండా ఆ సంచిని అడ్డం పెట్టుకున్న ఫోటో లోకమంతా తిరిగింది. సంచికి ఆమె పేరు అధికారికంగా పెట్టింది 1977లో. ఇక్కడ కూడా సంచి చేసిన పని దాచడమే. కట్టుజేబు వస్తువులను దాచింది; ఈ సంచి దేహాన్ని దాచింది.

జీనుకుట్టు గురించి ఒక మాట చెప్పాలి. ఒకే మైనపు నారదారానికి రెండు కొసల్లో రెండు సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రంలోంచి రెండు సూదులనూ ఎదురెదురుగా పోనిస్తారు. కుట్టుమిషను కుట్టులో ఒకచోట దారం తెగితే వరుసంతా ఊడిపోయే ప్రమాదం ఉంది. జీనుకుట్టులో ఒకటి తెగినా పక్కవి నిలుస్తాయి. పరుగెత్తే గుర్రం మీద రౌతు ప్రాణం కాపాడటానికి ఏర్పడిన పద్ధతి ఇది. అదే కుట్టు పర్సు, అత్తరు సీసా మోసే సంచికి చేరింది. అవసరానికి మించిన ఈ గట్టిదనమే ఆ సంచి ఆకర్షణలో పెద్ద భాగం. కొన్నవారికి ఆ కుట్టు వెనుక కథ తెలియకపోవచ్చు గాని, ఇరవై ఏళ్లు వాడినా ఊడలేదన్న సంగతి తెలుస్తుంది.

రెండు చేతులూ ఖాళీగా

షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ 1914లో రాసిన ‘ఇఫ్ ఐ వర్ ఎ మ్యాన్’ అనే కథలో, భర్త దేహంలోకి మారిన భార్యకు కలిగే మొదటి ఆనందాల్లో జేబులు ఒకటి. కలం, డబ్బు, తాళంచెవులు అన్నీ చేయి చాచినచోట ఉండటం ఎంత స్వేచ్ఛో ఆమెకు హఠాత్తుగా తెలుస్తుంది. ఈ కథ వచ్చే నాటికి స్త్రీలకు సంచి ఉంది, కాని సంచి ఒక చేతిని ఎప్పుడూ ఆక్రమించి ఉంచేది.

గాబ్రియేల్ షనెల్ ఈ సమస్యను పట్టుకుంది. సైనికుల భుజసంచులను చూసి 1929లోనే పట్టీగల సంచిని ప్రయత్నించిన ఆమె, యుద్ధానంతరం తన దుకాణాన్ని తిరిగి తెరిచిన మరుసటి ఏడాది, 1955 ఫిబ్రవరిలో, గొలుసుతో భుజానికి వేలాడే సంచిని తెచ్చింది. నెల, ఏడాది కలిపి దాన్ని 2.55 అన్నారు. సంచులను చేత పట్టుకొని తిరగడం, ఎక్కడో మరచి రావడం విసుగెత్తి దీన్ని చేశానని ఆమె చెప్పుకుంది. వెనకవైపు ఒక అర, లోపల జిప్పుతో మూసే రహస్యపు అర, పెదవిరంగుకు ప్రత్యేకమైన చోటు దీనిలో ఉన్నాయి. విందులో గ్లాసు ఒక చేత, మరొకరితో కరచాలనానికి ఇంకో చేయి. సంచి తనంతట తాను భుజాన ఉంటుంది. పైన కనిపించే గళ్లకుట్టు, గొలుసు తర్వాతి కాలంలో చిహ్నాలయ్యాయి. 1983 తర్వాత కార్ల్ లాగర్‌ఫెల్డ్ దాని బిళ్లపై సంస్థ జంటాక్షరాలను పెట్టాక ఆ చిహ్నమే ముందుకు వచ్చింది.

న్యూయార్కులో బానీ కాషిన్ చేసిన పని అంత ప్రసిద్ధం కాదు గాని, ఈ వ్యాస విషయానికి అంతకన్నా ముఖ్యమైనది. కోట్లకు, స్కర్టులకు పర్సునే జేబుగా కుట్టిన రూపకర్త ఆమె. కట్టుజేబును శతాబ్దం తర్వాత తిరిగి దుస్తుల్లోకి తెచ్చిన ప్రయత్నంగా దీన్ని చూడవచ్చు. 1962లో కోచ్ సంస్థకు సంచులు రూపొందించడం మొదలుపెట్టినప్పుడు ఆమె చిల్లర డబ్బుల పర్సును సంచి బయటివైపే అమర్చింది. తన కారు పైకప్పుకున్న తిప్పుడు గొళ్లేన్ని సంచి మూతకు వాడింది. బస్సు టిక్కెట్టుకు చిల్లర తీయాలంటే సంచంతా వెతకనవసరం లేదు. నిత్యోపయోగం అన్న మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

జేబులే పెడితే సంచి అవసరం ఏముందన్న ప్రశ్న ఫ్యాషన్ రంగంలోనే పుట్టింది. డయానా వ్రీలాండ్ తన ఆత్మకథ ‘డి.వి.’లో చెప్పిన ఉదంతం ఇందుకు సాక్ష్యం. 1930లలో ‘హార్పర్స్ బజార్’ పత్రికలో చేరిన కొత్తలో, హ్యాండ్‌బ్యాగులను తీసిపారేసి, జేబుల మీద ఒక సంచిక తేవాలని ఆమె ప్రతిపాదించింది. హ్యాండ్‌బ్యాగుల ప్రకటనల నుంచి పత్రికకు వచ్చే ఆదాయం ఎంతో తెలుసా అని సంపాదకవర్గం నుంచి వచ్చిన జవాబుతో ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది. స్త్రీల దుస్తుల్లో సరైన జేబులు లేకపోవడానికి ఇదొక్కటే కారణమనడం అతిశయోక్తి. బట్ట ఒదుగు, దేహాకృతి గురించిన అభిరుచులు కూడా అందుకు దోహదం చేశాయి. అయినా ఒక వస్తువు అవసరం, దాన్ని అమ్మేవారి లాభం ఎక్కడ కలుస్తాయో ఈ చిన్న ఉదంతం చూపుతుంది.

చేతిసంచి అధికార చిహ్నం కూడా అయింది. మార్గరెట్ థాచర్ ప్రధానిగా ఉన్న కాలంలో (1979-1990) ఆమె సంచి నుంచి ‘హ్యాండ్‌బ్యాగింగ్’ అనే క్రియారూపమే ఆంగ్లంలో పుట్టింది. ఎదుటివారిని మాటతో చితకబాదడం అని అర్థం. పురుష మంత్రుల కాగితాల పెట్టెలపై అలాంటి క్రియాపదం పుట్టలేదు. 200 ఏళ్ల కిందటి ‘రిడిక్యూల్’ హేళన ఇందులో మళ్లీ వినబడుతుంది. భయం మాత్రం కొత్తది. ఆమె వాడిన ఒక ఆస్‌ప్రే సంచి 2011లో ధర్మకార్యం కోసం జరిపిన వేలంలో 25,000 పౌండ్లు పలికింది.

బిర్కిన్: ఉపయోగం వెలకట్టబడినప్పుడు

1984లో పారిస్ నుంచి లండన్ వెళ్లే విమానంలో నటి, గాయని జేన్ బిర్కిన్ పక్క సీటులో హెర్మెస్ అధిపతి జాన్-లూయీ డ్యూమా కూర్చున్నాడు. అంతకు ముందు ఎల్లవేళలా అల్లిక బుట్టతో తిరిగే అలవాటున్న ఆమె సామాను కింద చెల్లాచెదురైంది. చిన్నపిల్లల తల్లికి పనికివచ్చే సంచి ఒక్కటీ దొరకడం లేదని ఆమె అన్నది. అక్కడే ఇద్దరూ కలిసి ఒక రూపాన్ని గీశారు. హెర్మెస్ తొలినాటి జీనుసంచి చాయలున్న, వెడల్పాటి అడుగు, తెరిచి ఉంచడానికి వీలైన మూత గల పెద్ద సంచి అది. సమస్య పాతదే, బిడ్డను ఎత్తుకున్న స్త్రీ మిగిలిన సామాను ఎలా మోయాలి?

తర్వాతి నాలుగు దశాబ్దాల్లో ఆ సంచికి పట్టిన గతి ఆకర్షణ, ఉపయోగాల సంబంధాన్ని స్పష్టంగా చూపుతుంది. దుకాణానికి వెళ్లి అడిగితే దొరకని సరుకుగా అది పేరుపొందింది. కొందరు దాన్ని పెట్టుబడిగా కొని, పెట్టె తీయకుండా భద్రపరిచారు. బిడ్డ పాలసీసాలు పట్టాలని గీసిన సంచి చిన్నదవుతూ వచ్చి, 25 సెంటీమీటర్ల పరిమాణానికి గిరాకీ పెరిగింది. సంచి చిన్నదైతే మోసేవారికి తక్కిన సామాను మోసే మనుషులున్నారని అర్థం. రెటిక్యూల్ నాడు చెప్పిందీ ఇదే. ఈ ధోరణి చివరి అంచును 2023లో అమెరికాలోని ఎమ్.ఎస్.సి.హెచ్.ఎఫ్. అనే కళాకారుల బృందం చూపింది. 657×222×700 మైక్రోమీటర్ల, అంటే ఉప్పురవ్వ కన్నా చిన్న సంచిని లూయీ విటాన్ గుర్తుతో తయారుచేసి వేలం వేయగా 63,750 డాలర్లు పలికింది. చూడటానికి సూక్ష్మదర్శిని కూడా ఇచ్చారు. అందులో ఏమీ పట్టదు. వ్యంగ్యంగా చేసిన ఆ వస్తువుకు నిజమైన కొనుగోలుదారు దొరకడం వెబ్లెన్ వాదానికి అనుకూల సాక్ష్యమే. కాని దాన్ని సంచి అనడానికి గల ఏకైక కారణం దాని ఆకారం. ఆ ఆకారం వెనుక సామాను మోసిన చరిత్ర ఉంది.

జేన్ బిర్కిన్ మాత్రం తన పేరున్న సంచిని సంచిగానే వాడింది. దాని మీద స్టిక్కర్లు అంటించింది, పూసలు కట్టింది, మూత పడనంతగా కాగితాలు కుక్కింది. 2015లో మొసళ్ల పెంపకంలో క్రూరత్వం గురించి ఆరోపణలు వచ్చినప్పుడు మొసలితోలు సంచికి తన పేరు తీసివేయమని సంస్థను కోరింది. తనకోసం చేసిన మొట్టమొదటి సంచిని ఆమె 1994లోనే ఎయిడ్స్ బాధితుల సహాయార్థం వేలానికి ఇచ్చివేసింది. ఆమె 2023 జులైలో మరణించింది. ఆ మొదటి సంచి 2025 జులై 10న పారిస్‌లో సదబీస్ వేలంలో దాదాపు 86 లక్షల యూరోలు పలికింది. తర్వాతి బిర్కిన్‌లకు లేని, ఊడదీయడానికి వీలుకాని భుజపట్టీ దానికుంది. తోలు మీద గీతలున్నాయి. అంటించి తీసిన స్టిక్కర్ల మచ్చలున్నాయి. పట్టీకి లోపలివైపు, వెతుక్కోనవసరం లేకుండా ఆమె వేలాడదీసుకున్న గోళ్లకత్తెర ఇంకా వేలాడుతూనే ఉంది.